వరస విప్పితే మళ్ళీ చదవాలి

మా తాడేపల్లిగూడెంలో పుస్తకాలు చదివే ఆడవాళ్ళం కొంతమందిమి ఆదివారం సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో కలుస్తుంటాం. టీ, పకోడీలు, నాలుగు కబుర్లు, ఆ పైన పుస్తకాల సంగతి. మొన్న అనూష అనే అమ్మాయి, ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది, ఒక షరతు పెట్టింది. వచ్చేసారికి అందరూ తమకు బొత్తిగా అలవాటు లేని రకం పుస్తకం ఒకటి చదివి రావాలట. ఇల్లంతా గోల. ఒకావిడ తనకు నవలలు తప్ప ఏవీ పడవంది. ఇంకొకావిడ సైన్సు పుస్తకం చూస్తేనే తలనొప్పి వస్తుందంది. నాకు ఒళ్ళు మండింది. "పడకపోవడానికి అదేమన్నా వంకాయ కూరా అండీ? చదివితే ఒళ్ళంతా దురద పుడుతుందా?" అనేశాను. ఏళ్ళ తరబడి హైస్కూల్లో తెలుగు చెప్పిన నోరు, ఊరికే ఉండదు. అందరూ నవ్వి ఊరుకున్నారు గానీ అనూష మాత్రం వదల్లేదు. "మీరు దొరికిందల్లా చదువుతారు కదా మేడమ్, ఈ అలవాటు మీకెలా వచ్చిందండీ?" అని అడిగింది. చేతిలో పకోడీ పట్టుకుని చెప్పే సంగతి కాదది. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను.

మా నాన్నకి గుండుగొలనులో సైకిలు షాపు ఉండేది. హైస్కూలు చదువు ఏలూరులో అయితేనే బాగుంటుందని మా అమ్మ పట్టుబట్టి నన్ను ఆ ఊళ్ళోనే తంగెళ్ళమూడిలో ఖాలా దగ్గర పెట్టింది. ఖాలా అంటే అమ్మ చెల్లెలు, పేరు హఫీజా. ఆవిడ భర్త ఆకివీడు చేపల లారీల మీద తిరుగుతూ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేవాడు. ఇంట్లో ఉండేది ఖాలా, ఆవిడ అత్తగారు, ముందు గదిలో తివాచీల మగ్గం. ఆ మగ్గం నేల నుంచి దూలం దాకా నిలబడి ఉండేది. వంటింట్లోకి పోవాలంటే దాని పక్కనుంచి ఒళ్ళు ఒదిగించుకుని పోవాల్సిందే. ఇల్లంతా ఉన్ని వాసన. రంగు వేసిన ఉన్ని ఆరుతున్నప్పుడు వచ్చే ఆ గొర్రె కంపు నా జడలోకి, నా టిఫిను డబ్బాలోకి కూడా ఎక్కేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. ఖాలా అత్తగారిని వాడంతా దాదీ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. పళ్ళు లేని దాదీ నులక మంచం మీద కూర్చుని చిన్న ఇత్తడి రోట్లో తమలపాకులు దంచుకుంటూ ఉండేది. చూపు మందగించి మగ్గం మానేసింది గానీ చెవులు మాత్రం పాము చెవులు. ఆ దంపుడు చప్పుడు ఆగిందంటే దాదీ నిద్రపోయినట్టు, కాకపోతే కోపం వచ్చినట్టు.

మగ్గం ముందు బల్ల మీద ముగ్గురు కూర్చునేవారు. మధ్యలో ఖాలా, ఒక పక్క రహమత్ అనే కొత్తగా పెళ్ళయిన పిల్ల, ఇంకో పక్క ఎదురింటి నాగరత్నం గారు. ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకున్నా, నాగరత్నం గారి కోసం మగ్గం దగ్గర తెలుగే నడిచేది. వరస మొదట్లో ఖాలా రంగుల పటం చూసి "రెండు ఎరుపు, ఒకటి నీలం, మూడు తెలుపు" అని అప్పజెప్పేది. ఆ తరవాత ముగ్గురూ నిలువుగా కట్టిన పడుగు దారాలకి ఉన్ని ముడులు వేసుకుంటూ పోయేవారు. వరస పూర్తయ్యాక అడ్డంగా ఒక నూలుపోగు తోసి, పంజా అనే ఇనప దువ్వెనతో దబదబా దిగ్గొట్టేవారు. ఖాలా రంగులు చెప్పేటప్పుడూ పంజా మోగేటప్పుడూ నేను నోరు మూసుకోవాలి. ఆ మధ్యలో, చేతులు మాత్రమే కదిలే కాసేపట్లో, గడప మీద వెలుతురులో కూర్చుని నేను పుస్తకం చదివి వినిపించాలి. చదివే మనిషి లేకపోతే వాళ్ళు కునికిపాట్లు పడేవారు, లేదంటే పోట్లాడుకునేవారు. అందుకని బడి నుంచి రాగానే నా ఇంటిపని అదే. అంట్లు తోమడం తప్పింది కదా అని నేనూ సంబరపడేదాన్ని.

ఆ రోజుల్లో నాకు డిటెక్టివ్ నవలలు తప్ప మిగతావి పుస్తకాలే కావు. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల కొట్టులో ఉన్నవన్నీ ఊడ్చేశాను. మగ్గం దగ్గర వాళ్ళూ చెవి కోసుకునేవారు. శవం దొరికిందంటే రహమత్ "యా అల్లా!" అనేది, నాగరత్నం గారు "అయ్యో అయ్యో, ఆ వంటవాడేనండీ, నాకు ముందు నుంచీ అనుమానమే" అనేవారు. అంతా బాగానే ఉంది గానీ, ఉలిక్కిపడ్డ చెయ్యి తెలుపు వెయ్యాల్సిన చోట ఎరుపు వేసేది. ఖాలాది మాత్రం ఎంత హత్య జరిగినా తొణకని చెయ్యి. పంజా కొట్టాక వేలితో తడిమి చూసి తప్పు పట్టుకునేది. నూలుపోగు లాగించి, ముడులన్నీ గోళ్ళతో పీకించి, "వరస విప్పాం కదా, నువ్వూ వెనక్కెళ్ళు. అక్కడి నుంచే మళ్ళీ చదువు" అనేది. ఎందుకని అడిగితే, రెండోసారి వింటే గుండె అదరదు, చెయ్యి తప్పదు అనేది. చచ్చినవాణ్ణి మళ్ళీ చంపడం నాకు విసుగ్గా ఉండేది, అయినా చదివేదాన్ని.

అయినా కొన్ని తప్పులు ఖాలా వేలికి కూడా అందలేదు. మాకు ఉన్ని ఇచ్చి నేయించుకునే షావుకారు గారి గుమస్తా, తీసుకెళ్ళిన తివాచీని ఓ రోజు తిరిగి తెచ్చి గుమ్మంలో పడేశాడు. వెనక్కి తిప్పి చూపించాడు. తెల్లపువ్వు మధ్యలో ఎర్రచుక్క, ఇంకోచోట ఆకుపచ్చ తీగలో నలుపు. "ఇంకొక్కటి ఇలా వచ్చిందంటే మీకు ఉన్ని పంపమండీ. ఇప్పుడు మగ్గం మీదున్నది రంజాన్ నెల మొదలయ్యేలోపు కావాలి. తప్పు లేకుండా కావాలి" అని వెళ్ళిపోయాడు. ఖాలా ఆ ఎర్రచుక్క మీద వేలు పెట్టి, "ఇది బావిలో శవం తేలిన చోటు" అంది. రహమత్ తల దించుకుంది. ఆ మాటకి నేను నవ్వబోయాను, కానీ రోటి చప్పుడు ఆగిపోయింది.

"ఏమే హఫీజా," అంది దాదీ. "ఒడిలో బిడ్డనే నిలుపుకోలేని చేతులు, మగ్గం నిలుపుతాయా? ఇదీ తిరిగొచ్చిందంటే మగ్గం ఊడదీసి అమ్మేస్తా. మా ఆయన నిలబెట్టిన మగ్గం పరువు తీయడానికి నీకేం హక్కు ఉందే?"

బిడ్డ అంటే జరీనా. నేను ఆ ఇంటికి రాకముందే పోయింది. ఖాలా ఆ పిల్లని తీసుకుని మండవల్లిలో చుట్టాల పెళ్ళికి వెళ్ళిందట. పిల్ల ఏడుస్తుంటే పుల్ల ఐసు కొనిచ్చిందట. ఇంటికొచ్చాక గొంతు పూడుకుపోయి, ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ఐసు తినిపించి పిల్లని చంపుకుంది అని దాదీ అన్నది, వాడంతా అన్నది. అన్నం మాడినా, పాలు పొంగినా, చేతిలోంచి గిన్నె జారినా దాదీ అదే మాట ఎత్తేది. ఖాలా ఎన్నడూ బదులు చెప్పలేదు. తను కూడా అది నిజమేననుకునేది. అందుకే ఆ తివాచీ ఆవిడకి ఉన్నీ పువ్వులూ మాత్రమే కాదు. తన చేతుల్ని నమ్మొచ్చా లేదా అన్నది దాని మీద తేలిపోవాలి. మాకందరికీ ఆ సంగతి తెలుసు, అందుకే ఆ రోజుల్లో ఇంట్లో గట్టిగా దగ్గాలన్నా భయమే.

మర్నాడు ఖాలా నా నవలని గూట్లో పెట్టేసింది. "చెయ్యి ఆగకూడదు, నిద్రా రాకూడదు. అలాంటిది ఏదైనా తేమ్మా" అంది. నాకు ఏడుపొచ్చింది. అలాంటిదేదో నాకెలా తెలుస్తుంది? అద్దె కొట్టు నుంచి ప్రేమ నవల తెస్తే రహమత్ వెక్కి వెక్కి ఏడ్చి ముడులన్నీ వదులుగా వేసింది. పద్యాల పుస్తకం తెస్తే నాగరత్నం గారు రాగం అందుకున్నారు. చేతులు పద్యంతో పాటు పరుగెత్తి, అర్థం చెప్పమని ఆగిపోయాయి. ఇక మిగిలింది మా బడి లైబ్రరీ. అక్కడ మన ఇష్టం సాగదు. వారానికోసారి మాస్టారు బీరువా తాళం తీసి, హాజరు వరసలో పిలిచి, పైన ఏది ఉంటే అది చేతిలో పెట్టేవారు. "నాకిది వద్దండీ" అంటే, "నీకేం కావాలో నీకు తెలిస్తే బడికెందుకు వచ్చావమ్మా?" అనేవారు. నాకు ఒకసారి హిమాలయాల యాత్ర వచ్చింది. ఒకసారి ఆకాశంలో గ్రహాల గురించి వచ్చింది. తీసుకున్నప్పుడల్లా మొహం మాడ్చుకునేదాన్ని.

చిత్రం ఏమిటంటే, ఆ యాత్ర పుస్తకం దగ్గర చేతులు దారిలో పడ్డాయి. ఆ రాసినాయన కొండ ఎక్కుతుంటాడు, ఆగుతాడు, రొట్టె తింటాడు, మళ్ళీ ఎక్కుతాడు. వరస తరవాత వరస ఒక్క తప్పు లేకుండా దిగింది. ఒకరోజు నేను పుస్తకం తెరవకముందే మంచం మీద నుంచి దాదీ, "ఆ మనిషి ఎక్కడిదాకా వచ్చాడే? మంచులో చస్తాడేమో" అంది. అప్పటిదాకా నా చదువుని రొద అనే మనిషి అలా అడిగేసరికి నేను గబగబా పేజీ వెతికాను. గ్రహాల పుస్తకం దగ్గర నాకే తల తిరిగింది. భూమి గిర్రున తిరుగుతోందంటే రహమత్ బల్ల గట్టిగా పట్టుకుంది. నేను చదువుతున్నది నాకే నచ్చుతోందని ఒప్పుకోవడానికి మాత్రం పౌరుషం అడ్డొచ్చేది. బీరువా నుంచి ఏమొస్తుందోనని లోపల్లోపల ఎదురుచూస్తూ, పైకి సణుగుతూ ఉండేదాన్ని.

రంజాన్ నెలవంక దగ్గరపడుతుండగా నా చేతికి ఆరోగ్యం పుస్తకం వచ్చింది. చిన్నపిల్లల జబ్బులు, వాటి లక్షణాలు, జాగ్రత్తలు. బొమ్మలు కూడా లేవు. నా ప్రాణం ఉసూరుమంది. "ఇది పుస్తకం కాదు, ఆస్పత్రి గోడ" అన్నాను. ఖాలా నవ్వి, "గోడైనా సరే, చదువు. ఇంక రోజులు లేవు" అంది. మలేరియా చదివితే రహమత్ తనకి చలి పెడుతోందంది. గజ్జి చదివితే నాగరత్నం గారు మోచెయ్యి గోక్కున్నారు. మిగిలిన తివాచీ జానెడో, అంతకంటే కొంచెం ఎక్కువో. గుమస్తా రోజు విడిచి రోజు వచ్చి గుమ్మంలో నిలబడి, ఏమీ అనకుండా చూసి పోతున్నాడు. పొద్దు వాలే వేళ, వెలుతురు ఉన్నంతసేపూ లాగాలని ముగ్గురూ వంగి కూర్చున్నారు. నేను కంఠసర్పి, ఇప్పుడు డిఫ్తీరియా అంటున్నామే, ఆ జబ్బు మొదలుపెట్టాను.

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. గొంతులో తెల్లటి పొర కడుతుందట. మెడ వాస్తుందట. ఊపిరి తీసినప్పుడల్లా గరగరమని చప్పుడొస్తుందట. పిల్లలకి త్వరగా అంటుకుంటుందట. పాఠం అప్పజెప్పినట్టు చదువుకుంటూ పోయాను. చేతులు కదులుతున్నంతసేపూ నా చదువు ఆగకూడదు కదా. దగ్గు వల్ల, తుమ్ము వల్ల ఒకరి నుంచి ఒకరికి సోకే క్రిమితో వస్తుందట. చల్లని తిండి వల్ల, ఐసు వల్ల వస్తుందని జనం అనుకుంటారు గానీ అది నిజం కాదని రాసి ఉంది. ముందుగా టీకా వేయించడమే దారి అని కూడా ఉంది. పంజా మోగింది. నేను తలెత్తి చూస్తే ఖాలా వేళ్ళు పడుగు దారాల మీద అలాగే ఆగి ఉన్నాయి.

"అక్కా," అంది రహమత్ భయంభయంగా. "నీ వైపు నలుపు పడిందక్కా. తెల్ల పువ్వులో."

ఖాలా చెయ్యి తప్పింది. అన్ని హత్యలకి తప్పని చెయ్యి, ఆస్పత్రి గోడకి తప్పింది. నేను ఏం చదివానో అప్పుడు తెలిసింది.

నాగరత్నం గారు గబగబా అందుకున్నారు. "ఒక్క ముడే కదండీ హఫీజా గారూ. పైకి కనపడదు. టైం లేదు, పోనిద్దురూ."

"విప్పండి," అంది ఖాలా.

"ఒక్క వరసేగా అక్కా?"

"కాదు. ఆ జబ్బు మొదలైన వరస నుంచీ విప్పండి." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "నువ్వు కూడా వెనక్కెళ్ళమ్మా. పెద్దగా చదువు. మంచం దాకా వినపడాలి."

ఆ ఇంట్లో కోడలు అత్తగారికి వినపడాలని ఏదైనా అనడం అదే మొదలు. గోళ్ళతో పీకి వరసలు విప్పారు. ఆ సాయంత్రం కష్టమంతా ఉన్ని ముక్కలై నేల మీద పడింది. నేను మళ్ళీ మొదలుపెట్టాను. ఊపిరి గరగర అన్న చోట ఖాలా కళ్ళు మూసుకుంది గానీ చెయ్యి ఆగలేదు. పెదవులు కదులుతున్నాయి, ముడులు పడుతున్నాయి. ఐసు వల్ల కాదు అన్న మాట నేను అరిచినట్టే చదివాను. పంజా దిగాక ఖాలా వేలితో వరసంతా తడిమింది. ఒక్క ముడి తప్పలేదు.

రోటి చప్పుడు ఎప్పుడాగిందో తెలియదు. గదిలో వెలుతురు పోతోంది. దాదీ మంచం మీద నుంచి, "అమ్మాయ్," అని పిలిచింది. "ఆ ఐసు సంగతి ఇంకోసారి చదువు."

చదివాను.

"ఎవరు రాశారు అది?"

"డాక్టర్లు రాశారు దాదీ."

"మన ఇంటి సంగతి వాళ్ళకెలా తెలుసే?"

"మన ఇల్లొక్కటే కాదు దాదీ, చాలా ఇళ్ళలో పిల్లలకి అలాగే అయిందట" అన్నాను. దాదీ గోడ వైపు తిరిగి పడుకుంది, అన్నానికి కూడా లేవలేదు. ఖాలా ఆవిడని లేపలేదు. రహమత్, నాగరత్నం గారు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినంత మెల్లగా వెళ్ళిపోయారు. ఇక మగ్గం పోయినట్టేనని, విప్పిన వరసలు మళ్ళీ అందుకోలేమని నాకు అనిపించింది. ఆ పుస్తకం తెచ్చిన నా మీద నాకే కోపం వచ్చింది. తెల్లారి లేచి చూసేసరికి దాదీ మంచం దిగి నేల మీద కూర్చుని ఉంది. చూపు ఆనకపోయినా తడిమి చూసుకుంటూ ఉన్ని ఉండలు చుడుతోంది. ఏ రంగు ఏదో ఖాలాని అడిగి, విడివిడిగా పెట్టుకుంటోంది. ఇద్దరూ రంగుల పేర్లు తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు. అలా ఉండలు చుట్టే పని తప్పడంతో ముగ్గురికీ పొద్దున్నుంచే ముడుల మీద కూర్చునే వీలు చిక్కింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఇప్పుడు నాకు కావాల్సిన పుస్తకం ఫోన్‌లో నొక్కితే ఇంటికొస్తుంది. నేను ఏవి చదివానో చూసి, అలాంటివే ఇంకొన్ని ఆ ఫోనే చూపిస్తుంది. సుఖంగానే ఉంది. కానీ డిటెక్టివ్ చదివే పిల్లకి అది జన్మలో ఆరోగ్యం పుస్తకం చూపించదు. మా మాస్టారి బీరువాలో దయా లేదు, తెలివీ లేదు, వరసలో ఏది వస్తే అది. నేను కోరుకున్నవే నాకు దొరికి ఉంటే, ఖాలా ఆ మాట ఏ నాటికీ వినేది కాదు. ఆ తరవాత ఏ పుస్తకాన్నీ దాని రకం చూసి పక్కన పెట్టడం నా వల్ల కాలేదు. పశువుల వైద్యం చదివాను, న్యాయశాస్త్రం చదివాను, అర్థం కాక తిట్టుకుంటూ లెక్కల చరిత్ర చదివాను. సగం బుర్రకెక్కలేదు. అయినా ఎవరి బరువు ఏ పుస్తకంలో దిగుతుందో ఎవరికి తెలుసు? ఆదివారం ఆ ఆడవాళ్ళ మీద నేను మండిపడ్డది ఇందుకే. అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది, సరే.

నెలవంక కోసం వాడంతా మేడలెక్కి చూడబోయే రోజు, మధ్యాహ్నం గుమస్తా వచ్చాడు. తివాచీని మగ్గం మీద నుంచి కోసి నేల మీద పరిచాం. ఆయన చెప్పులు విడిచి, దాన్ని వెనక్కి తిరగేసి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక మూల నుంచి అరచేత్తో తడుముకుంటూ వచ్చాడు. నాగరత్నం గారు దండం పెట్టుకుంటున్నారు. రహమత్ నా భుజం గిచ్చేస్తోంది. ఆ తెల్ల పువ్వు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. వంగి చూశాడు. గోటితో గీరాడు. ఆయన ముందుకు జరిగాడు, చివరిదాకా చూసి, లేచి, ధూళి దులుపుకున్నాడు.

"బాగుందండీ," అన్నాడు. "ఎక్కడా వంక లేదు. ఈసారి పని ఎవరిది మామ్మగారూ?"

దాదీ మంచం కోడు పట్టుకుని లేచి నిలబడింది.

"నా కోడలిది," అంది. "దాని చేతుల్లో ఏదీ పాడవదు నాయనా. అప్పుడూ పాడవలేదు. నేనే తెలియక అన్నాను."

"అప్పుడంటే ఎప్పుడండీ?" అన్నాడాయన అర్థంకాక.

ఖాలా ఖాళీ మగ్గానికి ఆనుకుని, రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని, జరీనా పోయాక మొదటిసారి గట్టిగా ఏడ్చింది.